మనోవిజ్ఞాన పరిశోధనలో మన వాటా



మనిషి మనసు ఇలా పనిచేస్తుందని మనోవిజ్ఞాన గ్రంథాలు వివరిస్తాయి. అయితే ఏ మనిషి మనసు? జెఫ్రీ ఆర్నెట్ అనే అమెరికా శాస్త్రవేత్త 2003–2007 నాటి ఆరు ప్రముఖ పత్రికలను పరిశీలించి, 2008లో ఒక లెక్క ప్రకటించారు. ఆ పరిశోధనల్లో పాల్గొన్నవారిలో 68 శాతం అమెరికన్లే. పాశ్చాత్య పారిశ్రామిక దేశాలన్నీ కలిపితే 96 శాతం.

ఈ లోటు పూడ్చడానికి క్రిస్టఫర్ చార్టియర్ 2017లో ‘సైకలాజికల్ సైన్స్ యాక్సిలరేటర్’ అనే ప్రయోగశాలల కూటమిని ఆరంభించారు. ముఖం చూసి మనిషిని ఎలా అంచనా వేస్తామన్న దాని తొలి అధ్యయనం 2021లో వెలువడింది. 41 దేశాలలో 11 వేలమందికి పైగా పాల్గొన్నారు. సంతోషమే. అయితే ప్రశ్న అక్కడ పుట్టి, జవాబులు మాత్రమే పేద దేశాలలో సేకరిస్తే అది కూలిపని అవుతుంది. గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, ఫైలు సిద్ధం చేసేదెవరో, సంతకం ఎవరిదో ఎరుగుదును.

‘దిల్ ఘబరా రహా హై’ అని మన ఇళ్లలో అంటే అది మనసులోని ఆందోళన. దానిని గుండెజబ్బుగా అనువదిస్తే కొలతే తప్పుతుంది. ఆ పొరపాటు పట్టగలిగేది స్థానిక పరిశోధకుడే. అతని అనువాద శ్రమకు వేతనం, ప్రశ్నల రూపకల్పనలో స్థానం, వ్యాసంపై పేరు దక్కాలి.

సైకాలజీ చదువుతున్న మన పిల్లలకు ఇటువంటి ఆహ్వానం వస్తే, ప్రశ్నను మార్చే హక్కు తమకుందా అని ముందే అడగమనండి.