ఫెయిర్ కాపీలో జారిపోయిన మాట
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం "యుద్ధం – నాయకుల మాటలు". నేను పండితుణ్ణి కాను, ఫైళ్ళు నడిపిన గుమాస్తాను. ఆ కళ్ళతోనే 2003 నాటి ఇరాక్ యుద్ధాన్ని, బ్రిటన్ ప్రధాని టోనీ బ్లెయిర్ దాన్ని సమర్థించిన తీరును చూస్తాను.

నోట్ ఫైల్లో మనం "అయి ఉండవచ్చును" అని రాస్తాం. ఫెయిర్ కాపీలో "ఉండవచ్చును" జారిపోతే అది "అయినది" అవుతుంది. అక్కడ జరిగిందీ ఇదే.

ఇరాక్ ఆయుధాలపై సమాచారం అరకొరగా ఉన్నదని 2002 మార్చిలో బ్రిటన్ గూఢచార కమిటీయే రాసుకున్నది. అదే ఏడు సెప్టెంబరులో ప్రభుత్వం ప్రచురించిన పత్రానికి రాసిన ముందుమాటలో మాత్రం, సద్దాం హుస్సేన్ రసాయన, జీవాయుధాలు తయారుచేస్తూనే ఉన్నాడనడం నిస్సందేహమన్నారు బ్లెయిర్. కొన్నిటిని 45 నిమిషాల్లో ప్రయోగించగలడన్నారు. ఆ మాట యుద్ధరంగంలో వాడే ఆయుధాలకు సంబంధించినదన్న సంగతి పత్రంలో లేదు.

సద్దాం మంచివాడని నేననను. 1988లో హలబ్జాలో కుర్దులపై విషవాయువు ప్రయోగించిన ప్రభుత్వం ఆయనదే. చిక్కంతా అక్కడే. రుజువైన నిజం పక్కన అనుమానాన్ని కూర్చోబెడితే అది కూడా నిజంలాగే కనబడుతుంది.

అయినా జనం అందరూ నమ్మలేదు. 2003 ఫిబ్రవరి 15న యుద్ధం వద్దంటూ లండన్ వీధుల్లో నడిచినవారు పోలీసుల లెక్కలోనే ఏడున్నర లక్షలు. మార్చి 17న రాబిన్ కుక్ మంత్రి పదవి వదులుకున్నారు. మర్నాడు పార్లమెంటు 412–149 ఓట్లతో యుద్ధానికి సరేనన్నది.

చెప్పిన ఆయుధ నిల్వలు దొరకలేదు. 2009లో ఒక టీవీ ఇంటర్వ్యూలో, అవి లేవని ముందే తెలిసినా సద్దాంను తొలగించడం సబబే అనుకునేవాణ్ణని, కాకపోతే వేరే వాదనలు వాడవలసి వచ్చేదని బ్లెయిర్ అన్నారు. ఆర్డరు ముందు, కారణాలు తరువాత! ఇటువంటి ఫైళ్ళు మనకు కొత్త కాదు. కాని మన ఫైలులో పోయేది ఒకరి ఇంక్రిమెంటు. అక్కడ పోయినవి ప్రాణాలు.

ఆ యుద్ధంపై విచారణ జరిపిన సర్ జాన్ చిల్కాట్ కూడా మనలాగే రిటైరైన ప్రభుత్వోద్యోగి. ఏడేళ్ళు శ్రమించి 2016 జూలై 6న 12 సంపుటాల నివేదిక ఇచ్చారు. ముప్పు గురించి చెప్పిన మాటల్లో కనబరచిన నిశ్చయానికి తగిన ఆధారం లేదని తేల్చారు. అప్పటికే 179 మంది బ్రిటిష్ సిబ్బంది మరణించారు. 2009 జూలై నాటికే చనిపోయిన ఇరాకీలు కనీసం లక్షా యాభైవేల మంది. నివేదిక చదవడానికి వచ్చినవారిలో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులున్నారు. పన్నెండు సంపుటాల్లో వారికి దొరికింది ఆ జారిపోయిన మాట ఒక్కటే.

కనుక మిత్రులారా, ఏ దేశపు నాయకుడైనా యుద్ధం తప్పదని గంభీరంగా పలుకుతూంటే, పక్కన కూర్చున్న మనవలతో ఒక్కమాట చెప్పండి: "ఫెయిర్ కాపీ బాగుంది నాయనా, నోట్ ఫైల్ ఏదీ?" అలా అడగడం దేశద్రోహం కాదు. సరిహద్దుకు వెళ్ళేది మన పిల్లలే గనుక, అడిగే హక్కు ముందుగా మనదే.