మొదటి మెట్టుకు సాయం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఇంటర్‌లో సీఈసీ, హెచ్‌ఈసీ తీసుకుని బీకాం, బీఏ పూర్తి చేసిన పిల్లలు ఎందరో ఉన్నారు. కంప్యూటర్ సైన్స్ చదువుతానంటే "నీది ఆ గ్రూపు కాదు కదా" అంటాం. ఆ మాట ఇప్పుడు పూర్తిగా నిజం కాదు.

ఎంసీఏకు ఇంటర్‌లోనో డిగ్రీలోనో గణితం ఉండాలన్న నియమం చాలాకాలం నడిచింది. ఇప్పుడు గణితం లేనివారికి బ్రిడ్జి కోర్సు పెట్టే వీలు వచ్చింది. ఐఐటీ మద్రాసు 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ చదువులో ఏ గ్రూపువారైనా చేరవచ్చు. పదో తరగతిలో గణితం, ఇంగ్లీషు చదివి ఉండాలి. నాలుగు వారాల పాఠాలు విని, అర్హత పరీక్ష గట్టెక్కాలి.

నేరుగా మాస్టర్స్ కావాలంటే, అమెరికాలోని జార్జియా టెక్ 2014 నుంచి ఆన్‌లైన్‌లో నడుపుతోంది. మొత్తం ఖర్చు దాదాపు 7,000 డాలర్లు, అంటే సుమారు ఆరు లక్షల రూపాయలు. వేరే సబ్జెక్టు డిగ్రీవాళ్లు ముందుగా ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్ నేర్చుకుని మార్కులు చూపిస్తే దరఖాస్తుకు బలం. కొలరాడో విశ్వవిద్యాలయం బౌల్డర్ అయితే పాత మెమోలే అడగదు. మొదటి మూడు చిన్న కోర్సుల్లో సగటున బి గ్రేడు తెచ్చుకుంటే చేర్చుకుంటుంది.

గమనించారా? ప్రతిచోటా అడిగేది ఒక్కటే: మొదటి మెట్టు ఎక్కి చూపించు. మన పిల్లలు ఆగిపోయేది అక్కడే.

ఉట్నూరులో బీకాం చదివిన ఒక అమ్మాయిని ఊహించుకోండి. ఫోన్‌లో పాఠాలు వినొచ్చు, ప్రోగ్రాం రాయాలంటే ల్యాప్‌టాప్ కావాలి. పదో తరగతితో ఆగిన గణితాన్ని మళ్లీ చెప్పేవారు కావాలి. పరీక్ష ఇంట్లో కాదు, కేంద్రం ఉన్న ఊరికి పోయి రాయాలి. తోడుగా అన్నో నాన్నో రావాలి, వాళ్ల ఒకరోజు కూలీ పోతుంది. ఈ ఖర్చులు చిన్నవే. కానీ మన స్కాలర్‌షిప్పులు సీటు వచ్చాకే ఇస్తున్నాం. ప్రభుత్వ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కూడా విదేశాలకు పోయి చదివేవారి కోసమే.

అందుకే నా మనవి. ఏటా కొందరు పిల్లలకు ఆరు నెలల తయారీకి నిధి పెడదాం. సొసైటీ గదిలో నాలుగైదు కంప్యూటర్లు, సాయంత్రం గణితం చెప్పే ఒక టీచరు, పరీక్ష రోజున దారి ఖర్చు. ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. మొదటి మెట్టు దాటినవారికి మిగతా ఫీజు ఖర్జె హసనాగా ఇద్దాం. ఉద్యోగం వచ్చాక వాళ్లు తిరిగి కట్టే డబ్బు మరో బిడ్డకు పనికొస్తుంది. ఇందులో జకాత్ ఎవరికి ఇవ్వవచ్చో, సదఖా నుంచి ఏది ఇవ్వాలో ఉలమాలే చెప్పాలి.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. ఆన్‌లైన్ డిగ్రీ అని చెప్పి డబ్బు అడిగే ఏజెంట్లను నమ్మకండి. మన దేశపు కోర్సుకు యూజీసీ గుర్తింపు ఉందో చూడండి. విదేశీ ఆన్‌లైన్ డిగ్రీ ఇక్కడి ప్రభుత్వ ఉద్యోగానికి చెల్లుతుందో లేదో డబ్బు కట్టకముందే కనుక్కోండి. పదో తరగతి పిల్లలున్న ఇళ్లవారికి ఇంకో మాట: కామర్స్ ఇష్టమైతే ఎంఈసీ గురించి ఆలోచించండి. అందులో గణితం ఉంటుంది.

సీటు తెచ్చుకున్న పిల్లలకు చప్పట్లు కొట్టేవాళ్లం చాలామందిమి ఉన్నాం. సీటు కోసం కూర్చున్న పిల్లల పక్కన నిలబడేవాళ్లం కూడా అవుదాం, ఇన్షా అల్లాహ్.