ఎత్తు బలము - మోయు బలము

  బరువులెత్తుటయందు ఆరితేరిన యువకుడు సైనికశిక్షణకు పోవుటకు ముందు తన దేహము నెట్లు సిద్ధపరచుకొనవలెనన్నది నేటి నా ప్రసంగవిషయము. వ్యాకరణమును, ఛందస్సును బోధించి విశ్రాంతి పొందిన ఉపాధ్యాయునకు ఈ విషయముతో నేమి పని యని మీకు తోచవచ్చును. ఆ సంగతియే ముందుగా మనవి చేసెదను.

మాది చంద్రశేఖరపురము. వెలిగొండల దిగువనున్న మెట్టప్రాంతము. ఆకాశమువైపు చూచి కంది, సజ్జ విత్తుకొను ఊరు. ఇట్టి పల్లెలలో ఒక పిల్లవాడు సైన్యమునకు ఎంపికయ్యెనన్నచో ఆ యింటి అప్పుపత్రము సగము చినిగినట్లే. నా శిష్యుడొకడు చిన్ననాటినుండి మంచి దేహపుష్టి గలవాడు. పొలముగట్టున పెద్దలు కదలింపలేని బండరాతిని ఒక్కడే దొర్లించెడివాడు. పిమ్మట పట్నమున జిమ్మునకు పోయి, నూటయిరువది కిలోల బరువును నేలనుండి లేపునంతవాడయ్యెను. నేను వానిని నలుగురియెదుట భీముడని పిలిచి మురిసితిని. 2023లో వాడు సైనికోద్యోగమునకు పరీక్ష వ్రాసి, నెగ్గి, దేహపరీక్షకు పోయెను. అచ్చట పరుగుపందెమున మూడవ చుట్టులోనే ఊపిరి అందక నడకకు దిగెను. మరుసటి అవకాశము వచ్చునప్పటికి వానికి వయస్సు మీరెను.

కొన్నాళ్లకు వాడు మా యింటికి వచ్చి, “అయ్యవారూ, భీముడంటిరి గాని పరుగెత్తుమని ఒక్కనాడైన చెప్పకపోతిరే” అనెను. కోపముతో అనలేదు. అందుచేతనే నాకు జవాబు దొరకలేదు.

ఆ రాత్రి నేను పాఠము చెప్పిన భారతకథయే నాకు జ్ఞప్తికి వచ్చెను. లక్కయింటినుండి వెలువడిన పిమ్మట భీముడు తల్లిని, అన్నదమ్ములను మోసికొని చీకటిలో అడవి దాటెను. బరువు నెత్తుట క్షణకాలపు పని. మోసికొని నడచుట రాత్రి యంతటి పని. భీముని గొప్ప రెండవదానియందున్నది. ఇంతకాలము నేను పిల్లలకు గదను చూపితినే గాని నడకను చూపలేదు.

సేద్యము తెలిసిన మీకు ఒక్క పోలిక చాలును. తిరునాళ్లలో బండలాగు ఎడ్లున్నవి. వాని మెడ, మూపురము, పిక్కలు చూడముచ్చటగా నుండును. బండను కొద్ది నిమిషములపాటు బ్రహ్మాండముగా లాగును. అట్టి ఎద్దును దానా పెట్టి, కట్టుకొయ్యయొద్దనే ఉంచి, ఒకనాడు హఠాత్తుగా బండికి కట్టి రాత్రియంతయు కనిగిరి సంతకు తోలితిమా, తెల్లవారుసరికి చతికిలబడును. అది బలము లేక కాదు, అలవాటు లేక. అదే ఎద్దును కొంచెము కొంచెముగా దూరమునకు అలవాటు చేసినచో, మామూలు బండియెద్దుకంటె మేలుగా పనిచేయును. బరువులెత్తు యువకుని సంగతియు ఇంతియే.

కారణము కష్టమైనది కాదు. బరువును పైకెత్తు పని కొన్ని క్షణములలో ముగియును. దానికి చాలినంత శక్తి కండరములలో ముందే నిలువయుండును. పరుగున అట్లు కాదు. అయిదారు నిమిషములపాటు గుండె నెత్తురును, ఊపిరితిత్తులు ప్రాణవాయువును ఎడతెగక అందించుచుండవలెను. ఆ మార్గము తెరువబడనిచో ఎంత కండయున్నను నిష్ప్రయోజనము. పైగా దేహము బరువైనకొలది, పరుగెత్తువాడు అడుగడుగున ఆ బరువునే మోయవలసి యుండును.

ఇట్లన్నందున బరువులెత్తుట వ్యర్థమని తలపరాదు. అది మన తెలుగువారికి కీర్తి తెచ్చిన విద్య. 1882లో వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారు విజయనగరమున వ్యాయామోపాధ్యాయులై, రొమ్ముమీద ఏనుగును నిలుపుకొని లోకమును ఆశ్చర్యపరచిరి. శ్రీకాకుళము సీమకు చెందిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో మొత్తము 240 కిలోలెత్తి కంచుపతకము గెలిచెను. భారతస్త్రీలలో ఒలింపిక్ పతకము తొలుత పొందినది ఆమెయే. మనకు చేరువనున్న స్టువర్టుపురము వాడగు రాగాల వెంకటరాహుల్ 2018లో కామన్‌వెల్తు క్రీడలలో 338 కిలోలెత్తి స్వర్ణపతకము తెచ్చెను. 2022లో అవే క్రీడలలో స్వర్ణము గెలిచిన వంగదేశీయుడు అచింత షియులీ అప్పటికి సైన్యమున హవల్దారు. కావున సైన్యమునకును బరువులకును వైరము లేదు. గట్టి వీపు, గట్టి తొడలు, గట్టి పిడికిలి సైనికునకు ఎల్లపుడు అక్కరకు వచ్చును. వానికి కాళ్లను, ఊపిరిని జతచేయుటయే మన పని.

ఇక సైన్యము అడుగునది యేమో చూతము. 2022లో వచ్చిన అగ్నిపథ పద్ధతిలో సేవాకాలము నాలుగేండ్లు. అటుపిమ్మట నూటికి ఇరువదియైదుగురివరకే నిలుపుకొందురు. ఈ సంగతి తెలిసియే పిల్లలను పంపవలెను. దేహపరీక్షలో 1,600 మీటర్ల పరుగు ప్రధానము. దానిని 5 నిమిషముల 30 సెకండ్లలో ముగించినవారికి పూర్తిగా 60 మార్కులు. ఆలస్యమైనకొలది మార్కులు తగ్గును. అనగా 400 మీటర్ల చుట్టు నొక్కొక్కటి సుమారు 82 సెకండ్లలో, అట్లు నాలుగు చుట్లు. తరువాత కుర్రవాండ్రు ‘బీము’ అని పిలుచు అడ్డకమ్మిని పట్టుకొని గడ్డము కమ్మిని దాటునట్లు దేహమును పైకి లాగవలెను. పదిమార్లు లాగినవారికి 40 మార్కులు. తొమ్మిదడుగుల గుంతను దుముకుటయు, వంకరదూలముమీద తూలక నడచుటయు గలవు. ఎంపికయైన పిమ్మట శిక్షణాకేంద్రమున ఆయుధముతో, వీపున సామానుతో అయిదు కిలోమీటర్లు పరుగెత్తవలెను, త్రాడు పట్టుకొని పైకెక్కవలెను. ఆ పిమ్మట పంపబడు చోట్లు ఎట్టివో తలచుకొనుడు. 2020 జూన్ 15వ తేదీన మన సూర్యాపేట బిడ్డ కర్నలు సంతోష్‌బాబు ప్రాణమర్పించిన గల్వాన్ లోయ సుమారు 14,000 అడుగుల ఎత్తున నున్నది. అచ్చటి పలుచని గాలిలో ఊపిరియే మొదటి ఆయుధము.

సిద్ధపడుటకు ఆరు మాసములైనను కావలెను. అన్నిటికంటె ముందు, ఖర్చు పెట్టకమునుపే, ప్రభుత్వవైద్యశాలలో ఒకసారి పరీక్ష చేయింపుడు. చూపు, రంగుల గుర్తింపు, వినికిడి, పండ్లు, అరికాలి వంపు, మోకాళ్ల తీరు, ఎత్తునకు తగిన బరువు - వీనిలో దేనివలననైన తిరస్కరింపబడవచ్చును. కండలు పెంచినవానికి దేహభారమే అడ్డుకావచ్చును. లోపము దిద్దదగినదైన ముందే దిద్దవచ్చును. కానిచో ఆశపెట్టుకొని ఏండ్లు పోగొట్టుకొనకుందురు.

మొదటి రెండు మాసములు వారమునకు మూడుదినములు పరుగు, రెండుదినములు బరువులు, మిగిలిన దినములలో మెల్లని నడకయో, విశ్రాంతియో. పరుగనగా ఒక్కుమ్మడి పరుగు కాదు. ప్రక్కవానితో మాటలాడగలిగినంత వేగమున రెండుమూడు నిమిషములు పరుగు, ఒక నిమిషము నడక, ఇట్లు అరగంట. వారము వారమునకు పదింట ఒకపాలు మాత్రమే పెంచవలెను. బరువులను పూర్తిగా మానపనిలేదు. సంపాదించిన బలమును నిలుపుకొనుటకు, దానిని సంపాదించుటకు పడిన శ్రమలో మూడవపాలు చాలును. ఎత్తు బరువును మాత్రము మరీ తగ్గింపరాదు, ఎత్తుమారులను తగ్గింపవలెను. క్రొత్తగా కండ పెంచు ప్రయత్నము అప్పటికి కట్టిపెట్టవలెను. ‘బీము’ను దినము విడిచి దినము, అలసట రాకమునుపే దిగుచు, నాలుగైదు దఫాలుగా చేసినచో లెక్క తానే పెరుగును.

మూడవ, నాలుగవ మాసములలో వారమునకొక దినము 400 మీటర్ల చుట్టును వేగముగా తిరిగి, ఊపిరి నిలుకడకు వచ్చువరకు నడచి, మరల తిరుగవలెను. వారమునకొకమారు ఏడెనిమిది కిలోల మూటను వీపున కట్టుకొని దూరము నడువవలెను. మా ఊరి పిల్లలకు భైరవకోన త్రోవ యున్నది. ఆ కోనలో కొండను తొలిచి శివాలయములు మలచినవారు ఒక్క దెబ్బతో మలచలేదని వారికి చెప్పుడు. చివరి రెండు మాసములలో పక్షమునకొకమారు గడియారముతో పూర్తి పరుగు. పరీక్షకు ముందటి వారము పని సగమునకు తగ్గింపవలెను.

ఇచ్చట మన వైద్యశాస్త్రపు మాట యొకటి. వాగ్భటుడు వ్యాయామమును తనకున్న శక్తిలో సగము మేరకే, అదియు చలికాలమున, వసంతమున చేయుమనియు, తక్కిన కాలములలో ఇంకను తగ్గింపుమనియు విధించెను. మన పడమటి సీమలో వేసవియెండ నలుబది డిగ్రీలు దాటును. వేకువనే పరుగు ముగింపవలెను. నీరు త్రాగకుండ, మందపుదుస్తులతో చెమటోడ్చి బరువు తగ్గింపజూచుట ప్రాణాపాయము.

కండ వారములలో గట్టిపడును; ఎముకయు, నరపు కట్టును మాసములు తీసికొనును. బలశాలికి ఈ తేడాయే శత్రువు. వాని కండ పొమ్మనును, ఎముక వలదనును. ముంగాలి ఎముకమీద ఒక్కచోటనే వ్రేలితో నొక్కిన నొప్పి పుట్టినచో అది ఎముకలోని సన్నని చీలిక కావచ్చును. పరుగు మాని వైద్యునికి చూపవలెను. మితిమీరిన కసరత్తు పిమ్మట ఒళ్లు బిగిసి, మూత్రము కషాయమువలె నల్లబారినచో ఆలసింపక ఆసుపత్రికి పోవలెను. కండ కరగి మూత్రపిండములను చెరుపు ప్రమాదమది. ఎద్దునకు లాడములు కొట్టింపకుండ కంకరబాటకు తోలరు గదా! బూట్లను అట్లే, తొలుత గంటసేపు నడకకు తొడిగి, పాదము మెత్తపడిన పిమ్మట పరుగునకు వాడవలెను.

ఆహారమునకు దూరము పోనక్కరలేదు. రామమూర్తినాయుడుగారు శాకాహారులే. సజ్జరొట్టె, రాగిసంకటి, కందిపప్పు, వేరుసెనగలు, పాలు, పెరుగు, తినువారికి గ్రుడ్లు - ఇవి చాలును. త్వరగా కండపట్టునని చెప్పి అమ్ము సూదిమందులు గుండెను, కాలేయమును, పురుషత్వమును చెరుచును. వానిని ఇంట అడుగుపెట్టనీయకుడు. నీటివిషయము మరింత ముఖ్యము. కనిగిరి ప్రాంతపు బోరునీటిలో ఫ్లోరైడు హెచ్చు. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటిన నీటిని ఏండ్లతరబడి త్రాగినవారి పండ్లు గారపట్టును, కీళ్లు బిగియును, ఎముకలు చెడును. నీటిని కాచినంతమాత్రమున ఫ్లోరైడు పోదు. పిల్లవాని ఎముకను రేపటి శిక్షణకు సిద్ధపరచుట వాడు పుట్టిననాడే, మన నీటికుండయొద్దనే ఆరంభమగునని గ్రహింపవలెను.

పశ్చిమగోదావరిలో మాధవరము తరతరములుగా సైనికులను పంపుచున్న గ్రామము. అచ్చట ఈ మాటలు తండ్రి కొడుకునకు చెప్పును. మన ఊళ్లలో చెప్పువాడు లేనియెడల మనమే నేర్చుకొని చెప్పవలెను. పెద్దలారా, మీరు చేయదగినది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఊరివెలుపల బీడునేలను చదునుచేయించి, నడుమ ఒక మేకు పాతి, 63 మీటర్ల 66 సెంటీమీటర్ల త్రాటితో చుట్టు గీయింపుడు. సరిగా 400 మీటర్ల బాట యగును. రెండు గట్టి స్తంభముల నడుమ ఒక ఇనుపకమ్మి, తొమ్మిదడుగుల గుంత, అందులో ఇసుక. మన బలశాలురకు పరీక్షలో క్రొత్తగా కనబడునది అప్పుడేదియు ఉండదు.

నా శిష్యుడు ఇప్పుడు తన పొలము తాను చూచుకొనుచున్నాడు. వాని బలము వానికి అన్నము పెట్టుచునే యున్నది. కాని వాడు కోరిన బ్రదుకు వానికి దక్కలేదు; అందులో నా పాలును కలదు. మీ యింట, మీ వీధిలో బండ నెత్తు కుర్రవాడున్నచో, ఈ సాయంకాలమే పిలిచి మెచ్చుకొనుడు. మెచ్చుకొని ఊరకుండక, “నాయనా, రేపు వేకువను ఎంత దూరము పరుగెత్తెదవు?” అని కూడ అడుగుడు. నేను అడుగవలసియుండి అడుగని ప్రశ్న అది.