పాలు పోసే ఇంట్లో రొట్టె, బిస్కెట్టు

(మహిళా సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



రొట్టె, బిస్కెట్లు ఇంట్లో చేసుకొనే పద్ధతి గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని కోరారు. మేము బేకరీ పని చదువుకున్నవాళ్లం కాము. మీలాగే రెండు పూటలా సంఘానికి పాలు పోసేవాళ్లం. చేసి, చెడగొట్టి, మళ్లీ చేసి నేర్చుకున్నదే మీ ముందు పెడుతున్నాము.

ఈ పనిలోకి ఎందుకు దిగామో ముందు చెప్పాలి. ఒకసారి పాల డబ్బు చేతికి వచ్చిన రోజున, కొట్టు ఖాతా పుస్తకం కూడా పక్కన పెట్టుకుని లెక్క చూసుకున్నాము. పప్పు, ఉప్పుల కంటే ఎక్కువసార్లు రాసి ఉన్నవి బన్నులు, బిస్కెట్ పొట్లాలు. పిల్లలు బడి నుంచి రాగానే టీలో ముంచుకుని తినేవి అవే. పొట్లం వెనుక చిన్న అక్షరాలు పిల్లల చేత చదివించుకుంటే, నెయ్యి అని లేదు, పామాయిలు అని ఉన్నది. దొడ్లో గేదె ఉన్నది, క్యాను నిండా పాలు బయటికి పోతున్నవి, మన పిల్లల నోటికి మాత్రం పామాయిలు బిస్కెట్టు వస్తున్నది. ఇది మాకు సిగ్గనిపించింది.

పొయ్యి సంగతి

రొట్టె అనగానే బేకరీ బట్టీ ఉండాలని భయపడనక్కరలేదు. మన పెద్దవాళ్లు దిబ్బరొట్టె ఎలా కాల్చేవారో గుర్తు చేసుకోండి. మందపాటి మూకుడులో పిండి వేసి, మూత పెట్టి, కింద సన్నని సెగ, మూత మీద నిప్పులు వేసేవారు. పైనా కిందా వేడి సమంగా తగలడమే రొట్టె రహస్యం. మేము చేసేదీ అంతే. మందపాటి ఇనుప గిన్నె అడుగున కడిగి ఎండబెట్టిన ఇసుకను రెండు అంగుళాల మందాన పోస్తాము. దానిలో చిన్న ఇనుప కుదురు పెట్టి, మూత వేసి, పావుగంట వేడి చేస్తాము. తరువాత పిండి ఉన్న గిన్నెను కుదురు మీద దించి మళ్లీ మూత వేస్తాము. ఇందులో నీళ్లు పోయరాదు. గ్యాసు పొయ్యి మీదనైనా ఇదే పద్ధతి. మూత మాటిమాటికీ తీస్తే వేడి పోయి రొట్టె కుంగిపోతుంది.

పాల రొట్టె

అరకిలో మైదాకు సుమారు 300 మిల్లీలీటర్ల పాలు, రెండు చిన్న చెంచాల ఎండు ఈస్టు, రెండు పెద్ద చెంచాల చక్కెర, చెంచాన్నర ఉప్పు, 30 గ్రాముల వెన్న కావాలి. ఈస్టు పట్టణంలో బేకరీ సామాను అమ్మే కొట్లలో దొరుకుతుంది.

పాలను పొంగు వచ్చేదాకా కాచి చల్లార్చాలి. పచ్చి పాలలో ఉన్న కొన్ని మాంసకృత్తులు పిండి సాగుడును తగ్గిస్తాయి. కాస్తే ఆ దోషం పోయి రొట్టె బాగా పొంగుతుంది. అయితే చల్లార్చడం మరువరాదు. మా మొదటి రొట్టె ఇటుకరాయి అయింది ఇక్కడే. తొందరలో వేడి పాలు పోశాము. ఈస్టు ప్రాణమున్న వస్తువు, వేడికి చచ్చిపోతుంది. పాలు వేలు ముంచితే గోరువెచ్చగా ఉండాలి, అంతే.

ఆ పాలలో చక్కెర, ఈస్టు కలిపి పది నిమిషాలు ఉంచితే నురుగు వస్తుంది. నురుగు రాకపోతే ఈస్టు చచ్చిందని గ్రహించి, మైదా పాడు చేసుకోకుండా ఆగిపోవాలి. నురుగు వస్తే మైదా, ఉప్పు, వెన్న చేర్చి పది నిమిషాలు గట్టిగా మర్దించాలి. తడిగుడ్డ కప్పి ఉంచితే ఒకటి, ఒకటిన్నర గంటలో రెట్టింపవుతుంది. మన ఎండాకాలంలో ఇంకా ముందే పొంగుతుంది కనుక గడియారం కంటే పిండిని చూడడం మేలు. గాలి పోయేలా ఒత్తి, నెయ్యి రాసిన గిన్నెలో సగానికి పెట్టి, మళ్లీ పొంగాక ఇసుక గిన్నెలో ముప్పావు గంట కాల్చాలి. అడుగున తట్టితే డొల్ల శబ్దం రావాలి.

కాచేటప్పుడు పాలు విరిగిపోతే ఏడవకండి. గుడ్డలో వడగట్టితే వచ్చే తేటతో ఈ పిండి కలపవచ్చును. మిగిలిన విరుగులో బెల్లం వేసి పిల్లలకు పెట్టవచ్చును. చెడు వాసన వచ్చినవి మాత్రం పారబోయవలసిందే. రొట్టె మిగిలి ఎండిపోతే హైదరాబాదువారి డబల్ కా మీఠా ఉండనే ఉన్నది. ముక్కలు నేతిలో వేయించి, చిక్కగా మరిగించిన తియ్యటి పాలలో నానబెట్టడమే.

నేతి బిస్కెట్లు

నాన్‌ఖటాయికి ఈస్టు కూడా అక్కరలేదు. పావుకిలో మైదా, 125 గ్రాముల నెయ్యి, అంతే చక్కెర పొడి, యాలకుల పొడి, చిటికెడు వంటసోడా చాలు. నెయ్యి కరగరాదు, పేరుకుని ఉండాలి. చక్కెరతో కలిపి తెల్లబడేదాకా చేత్తో గిలకొట్టి, మైదా చేర్చి, నిమ్మకాయంత ఉండలు చేసి కొద్దిగా అదమాలి. ఎడం ఎడంగా పెట్టి 20 నుంచి 25 నిమిషాలు కాల్చాలి. వేడిమీద మెత్తగా ఉన్నాయని ఇంకా కాలిస్తే మాడతాయి. ఆరాక అవే గుల్లబారతాయి.

ఒక తప్పు, ఒక పాఠం

ఇప్పుడు చెప్పేది వంట కంటే ముఖ్యమైనది. ఈ బిస్కెట్లు పిల్లలకు రుచి తగిలాక, మాలో ఒకరి ఇంట్లో నెయ్యి చాలలేదు. సంఘానికి పోసే పాలు కాసేపు నిలవ ఉంచి, పైన తేరిన మీగడ తీసుకోవడం మొదలుపెట్టారు. పది రోజులకు బిల్లు తగ్గింది. ఇంటాయన సంఘానికి వెళ్లి, పరీక్షలో మోసం జరుగుతున్నదని కార్యదర్శిని నలుగురి ముందు నిలదీశాడు. మరో నాలుగు ఇళ్లవారు ఆ మాట నమ్మి, ప్రైవేటు వ్యాపారికి పోద్దామన్నారు. నిజం తెలిసిన ఆమె రాత్రంతా నిద్రపోలేదు. మరునాడు తానే వెళ్లి ఒప్పుకున్నది. లేకపోతే ఒక చెంచా మీగడ కోసం సంఘమే రెండు ముక్కలయ్యేది.

లెక్క చూడండి. 7 శాతం వెన్న ఉన్న ఐదు కిలోల పాలలో 350 గ్రాముల వెన్న ఉంటుంది. 50 గ్రాములు తీస్తే మిగిలేది 300, అంటే 6 శాతం. పరీక్షలో అంతే పడుతుంది, ధర కూడా దానిని బట్టే వస్తుంది. యంత్రం మోసం చేయలేదు, మనమే చేశాము.

కనుక మేము ఒక కట్టుబాటు పెట్టుకున్నాము. పితికిన వెంటనే, క్యానులో పోయకముందే, ఇంటికి ఒక లీటరు విడిగా కొలిచి తీస్తాము. మిగిలినవి ఉన్నవి ఉన్నట్టు సంఘానికి పోస్తాము. ఇంటి పాలు కాచి, మీగడ తీసి, వారం కూడబెట్టి తోడువేసి చిలికితే పావుకిలో అటూ ఇటూ నెయ్యి వస్తుంది. సగం బిస్కెట్లకు, సగం అన్నంలోకి. మీగడ తీసిన పాలు పిల్లలు తాగడానికి, పెరుగుకు, రొట్టె పిండికి సరిపోతాయి. ఆ లీటరు డబ్బు బిల్లులో తగ్గుతుంది, నిజమే. కొట్టు ఖాతాలో బన్నులు, బిస్కెట్లు కొట్టివేస్తే ఆ లోటు మాకు చాలావరకు పూడింది.

మరొక హెచ్చరిక. పొదుగువాపు వచ్చిన, మందు సూదులు వేసిన గేదె పాలను పశువైద్యులు చెప్పిన రోజులు గడిచేదాకా సంఘానికీ పోయరాదు, ఇంట్లోనూ వాడరాదు. పిండిలో కలిపి కాల్చినంత మాత్రాన మందు పోతుందని నమ్మరాదు.

అక్కలారా, పాలు అమ్ముకోవడం తప్పు కాదు. ఆ డబ్బుతోనే మన పిల్లలు చదువుకుంటున్నారు. కాని గేదెకు గడ్డి వేసే చేతులకూ, దూడను కట్టే చిన్న చేతులకూ ఆ పాలలో వాటా ఉన్నది. ఆ వాటా దొంగచాటుగా కాక, కొలిచి, చెప్పి తీసుకుందాము. ఈ తరగతి అయిపోయాక బయట చెట్టు కింద ఇసుక గిన్నె పెట్టి ఉంచాము. పిండి పొంగుతూ ఉన్నది. వచ్చి చేయి కలపండి, రుచి చూసి తప్పులు చెప్పండి.