బరువు బార్ మీదే ఉండాలి



పిల్లలు తమ శక్తినంతా పోటీ రోజున చూపించాలంటే మనసు ఎలా ఉండాలో చెప్పమన్నారు. హాస్టల్లో మేము చూసింది, చేసిన తప్పుతో సహా చెబుతాం.

చీరాల నుంచి బాపట్ల వైపు ప్యాసింజర్ ఎక్కితే దారిలో స్టువర్టుపురం స్టేషన్ వస్తుంది. బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి నిఘాలో ఉంచిన సెటిల్‌మెంట్ అది. ఆ చట్టం 1952లో పోయింది. ఊరి పేరుకు అంటించిన మచ్చను మాత్రం సినిమాల వాళ్లు ఇంకా అమ్ముకుంటూనే ఉన్నారు. ఆ ఊరి అబ్బాయే రాగాల వెంకట రాహుల్. హకీంపేట క్రీడా పాఠశాలలో తయారై, 2014లో నాన్జింగ్ యూత్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచాడు. 2018 ఏప్రిల్‌లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో స్వర్ణం తెచ్చాడు. స్నాచ్ అయ్యేసరికి సమోవా లిఫ్టర్‌తో సమానం, ఇద్దరిదీ 151. తర్వాత క్లీన్ అండ్ జెర్క్‌లో 187 ఎత్తి, మొత్తం 338 కిలోలతో గెలిచాడు.

ఆ ఆటలో పేరు పిలిచాక ఉండేది ఒక్క నిమిషం. పాదాలు ఎక్కడ పెట్టాలి, పట్టు ఎక్కడ, ఊపిరి ఎప్పుడు? ఇంతకు మించి తలలో ఇంకేదైనా దూరిందంటే బార్ లేవదు.

ఇది మాకు ఆలస్యంగా అర్థమైంది. మా హాస్టల్లో ఎనిమిదో తరగతి యానాది అమ్మాయి ఒకతె లాంగ్‌జంప్ బాగా దూకేది. పోటీకి బయలుదేరే రోజు బస్సు దగ్గర మేమే చెప్పాం, "మన జాతి పరువు నీ చేతుల్లో ఉందమ్మా" అని. గ్రౌండ్‌లో ఎవరో "వీళ్లు ఎస్టీ హాస్టల్ పిల్లలా?" అని గట్టిగా అడిగారు. మొదటి రెండు దూకుళ్లూ ఫౌల్. మూడోసారి భయపడి పలకకు జానెడు వెనకనుంచే దూకేసింది. మర్నాడు హాస్టల్ ఇసుకలో ఊరికే దూకితే, గెలిచిన పిల్ల కంటే ఎక్కువ దూరం వచ్చింది. ఏమైందే అని అడిగితే, "పరిగెత్తేటప్పుడు అడుగులు గుర్తురాలేదు మేడం, మీ మాటే గుర్తొచ్చింది" అంది. ఆ రాత్రి మాకు అన్నం సహించలేదు.

బీఈడీలో యెర్క్స్, డాడ్సన్‌ల సూత్రం చదివాం, పరీక్షలో మార్కులూ తెచ్చుకున్నాం. 1908 నాటిది. కొంత ఉద్వేగం పనికి సాయం చేస్తుంది, కష్టమైన పనిలో అది మించితే చెడగొడుతుంది. ఇంకోటి, కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలకు చిక్కుదారుల కాగితాలిచ్చి దారి కనిపెట్టమన్నారు. కులం ఎత్తనప్పుడు అందరూ ఇంచుమించు ఒకేలా చేశారు. అందరి ముందూ కులం పేరు చదివాక నిమ్న కులాల పిల్లలు వెనకబడ్డారు. పిల్లలు వాళ్లే, తెలివీ అదే.

అవమానించేవాళ్లు ఆ బరువు పెడతారని మనకు తెలుసు. గౌరవం పేరుతో మనమూ పెడతామని ఆ పిల్ల చెప్పేదాకా మాకు తెలియలేదు.

ఇప్పుడు మేము చేసేది చిన్నపనే. పరుగు మొదలయ్యే చోట సున్నంతో గుర్తు, అక్కడినుంచి అడుగుల లెక్క, ఒక పెద్ద ఊపిరి. ప్రాక్టీసులో రోజూ అదే వరస, పోటీలోనూ అదే. పదో తరగతి పిల్లలకైతే పేపర్ అందగానే పెన్ను కింద పెట్టి మొత్తం చదవడం, తెలిసిన ప్రశ్నతో మొదలుపెట్టడం. అమ్మానాన్నలు మిరపకోతలకు వలసపోయే రోజుల్లోనే ఆ పరీక్షలు వస్తాయి. ఇంటి బెంగ తగ్గాలని ముందురోజు సాయంత్రం ఫోన్‌లో మాట్లాడిస్తాం. మార్కుల మాట ఎత్తవద్దని అవతలివాళ్లకు ముందే చెబుతాం. "తిన్నావా?" అని అడిగితే చాలు.

ఆ అమ్మాయి ఇప్పుడు తొమ్మిదిలో ఉంది. మళ్లీ పోటీకి వెళ్తోంది. సంఘం పెద్దలు బస్సు దగ్గరకు వచ్చి సాగనంపుతామన్నారు. తప్పకుండా రండి, అరటిపళ్లు తెండి. ఉపన్యాసం మాత్రం వద్దు, శాలువాలు కూడా తిరిగొచ్చాక చూద్దాం.