బడిపిల్లల బ్యాండు - ఒక గ్రామఫోను ప్లేటు
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



మేము ఉపన్యాసకులము కాము. రైల్వేలో గుమాస్తాగా ఉన్నాము, చదివినది మెట్రిక్యులేషను. పార్సెళ్లు తూచి రసీదు వ్రాయడమే మా విద్య. తెలిసినంతలో ఒక చిన్నమాట మనవి చేస్తాము.

మొన్న జనవరి 26న మా అమ్మాయి చదివే బడిలో పిల్లల బ్యాండు విన్నాము. కవాతు నడుమ పెద్ద డ్రమ్ము తోలు చినిగింది. ఆ పిల్లవాడు ఆగలేదు. అంచుమీదనే కొడుతూ కడదాకా నడిచాడు. మా అమ్మాయి అదే బ్యాండులో బ్యూగిల్ ఊదుతుంది. ఇంటికి వచ్చి, "నాయనా, కొత్త డ్రమ్ముకు చందా అడిగితే ఎవరైనా ఇస్తారా?" అన్నది. మేము జవాబు చెప్పలేకపోయాము. ప్రతి ఏడూ చందా అంటే ఇచ్చేవారికీ విసుగే గదా!

అయితే పాట ఇచ్చి పైకం అడగవచ్చు. 1971లో పండిత రవిశంకర్ కోరగా, జార్జి హారిసన్ బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థం ఒక పాట రికార్డు చేశాడు. 1984లో ఇథియోపియా కరువు బాధితులకై బ్రిటన్, ఐర్లాండు గాయకులు కలిసి ఒకే పాటతో నిధి కూర్చారు.

"వారు లోకప్రసిద్ధులు, మన పిల్లల వాద్యం ఎవరు కొంటారు?" అనవచ్చు. అమెరికాలో హూస్టన్ నగరాన కాష్మియర్ హైస్కూలు ఉన్నది. కాన్రాడ్ జాన్సన్ అనే సంగీతోపాధ్యాయుడు అక్కడి పిల్లలకు బ్యాండు నేర్పి, పెద్ద కంపెనీల కొరకు కాచుకోక, క్రామ్ అనే చిన్న ముద్రతో రికార్డులు వేయించాడు. ఆ వాద్యం 2006లో మళ్లీ అచ్చయి దేశదేశాలకు వెళ్లింది. 2008 ఫిబ్రవరిలో ఆనాటి విద్యార్థులు, నెరసిన తలలతో, తొంబైరెండేండ్ల గురువుగారి ఎదుట మళ్లీ వాయించారు. తరువాత కొద్దిరోజులకే ఆయన కన్నుమూశారు. ఎవరో కొని దాచిన ప్లేటులే గదా ఆ వాద్యాన్ని నిలిపినవి!

కాబట్టి మా మనవి ఇది. మన పిల్లలచేత ఒక ప్లేటు వేయిద్దాము. ఒక ప్రక్క తెలుగు పాట, రెండవ ప్రక్క తమిళ పాట. దక్షిణ పినాకిని ఒడ్డున మనకు నీడనిచ్చిన ఊరికి అది మర్యాద. ఇంట్లో గ్రామఫోను లేనివారు సెల్‌ఫోనులో వినవచ్చు. ప్లేటు మాత్రం ఇంటికొకటి కొనాలి. అట్టమీద వాయించిన ప్రతి బిడ్డ పేరూ ఉండాలి. వచ్చిన పైకం, అయిన ఖర్చు వచ్చే ఉగాదికి ఇదే సభలో చదవాలి. రసీదు లేని చందా టిక్కెట్టు లేని ప్రయాణం వంటిది.

మా ఇంటి ప్లేటుకు పైకం ఇప్పుడే కార్యదర్శిగారి చేతికి ఇస్తున్నాము. మొదటి రసీదు మాకే ఇప్పించవలెనని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.