అద్దె ఇంట్లో అగ్ని భద్రత: యజమాని వంతు, అద్దెదారు వంతు



మనలో చాలామందిమి రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో మేడ మీద ఒక పోర్షను వేసి అద్దెకిచ్చుకున్నవాళ్ళం. కొందరం అద్దె ఇళ్ళలోనే ఉన్నాం. కింద వయసు మళ్ళిన మనం, పైన పసిపిల్లలున్న కుటుంబం; దిగడానికి ఒక్కటే మెట్లదారి. రాత్రిపూట నిప్పంటుకుంటే ఎవరిది తప్పని వాదించుకునే వ్యవధి ఉండదు. బాధ్యత ముందే పంచుకోవాలి.

ఇంగ్లండులో ప్రైవేటు అద్దె ఇళ్ళకు 2015 అక్టోబరు 1 నుంచి చట్టం ఉంది. నివాసమున్న ప్రతి అంతస్తులోనూ యజమాని పొగ అలారం పెట్టించి, అద్దె మొదలైన రోజున అది పనిచేస్తున్నదని చూసుకోవాలి. తరువాత మీట నొక్కి పరీక్షించుకోవడం అద్దెదారు వంతు. చెడిపోయిందని చెబితే యజమాని బాగుచేయించాలని 2022లో చేర్చారు.

మన చిన్న అద్దె ఇళ్ళకు అటువంటి నియమం లేదు. అయితే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను కొంత దారి చూపుతుంది. తనకు తెలిసిన, అద్దెదారుకు మామూలుగా కనబడని ముఖ్యమైన లోపాన్ని యజమాని చెప్పాలి. అద్దెదారు ఇంటిని బాగా ఉంచుకోవాలి. యజమాని చేయించవలసిన మరమ్మతును నోటీసిచ్చినా చేయించకపోతే, అద్దెదారే చేయించుకొని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు. ఒప్పందంలో వేరుగా రాసుకుంటే ఆ రాతే ముఖ్యం.

ముత్తుకూరు, మైపాడు వంటి తీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి స్విచ్చిబోర్డుల లోపలి స్క్రూలు తుప్పుపడతాయి. వైరు పట్టు సడలినచోట వేడెక్కి నిప్పు పుడుతుంది. అద్దెదారు బోర్డు విప్పి చూడడు గనుక, ఇల్లు ఇచ్చేముందు ఎలక్ట్రీషియను చేత చూపించడం యజమాని వంతు. స్టౌ, సిలిండరు అద్దెదారువి. సురక్షా ట్యూబును అయిదేళ్ళకొకసారి మార్చడం ఆయన వంతు.

నిద్రలో పొగ వాసనకు మెలకువ వస్తుందని నమ్మకూడదు. అందుకే అలారం. పొగ పైకి లేస్తుంది కాబట్టి పడకగది దగ్గర సీలింగుకు బిగించాలి. వంటింట్లో పెడితే తాలింపుకే మోగుతుంది. విసిగి బ్యాటరీ పీకేస్తారు. నెలకోసారి మీట నొక్కి చూడాలి, పదేళ్ళకు మార్చాలి.

ఈసారి అద్దె కాగితం రాసుకునేటప్పుడు అలారం, వైరింగు యజమానివని, నెలనెలా పరీక్ష, గ్యాసు ట్యూబు అద్దెదారువని రెండు వాక్యాలు చేర్చండి. మంటలకు 101, గ్యాసు లీకుకు 1906 నంబర్లను రెండు పోర్షన్లలోనూ గోడమీద రాసిపెట్టండి.